మేతబీడు మింగిన మాంత్రికుడు

అనగనగా ఒక రాజు. తొందరపడకండర్రా, పేరు కూడా చెబుతాను: గిరివర్ధనుడు. ఆయన ఏలేది మేఘపురి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి బలం ఎక్కువ. నడిమివాడికి మాటలు ఎక్కువ. చిన్నవాడు చిత్రకేతుకి రెండూ తక్కువే గానీ, ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినే గుణం ఒకటుంది. రాజుల ఇళ్ళలో అది అరుదు.

మేఘపురికి తూర్పున పెద్ద మేతబీడు. ఏ ఒక్కడి సొత్తూ కాదు, ఊరందరిదీ. ఊరి ఆవులు నలభై అక్కడే మేసేవి. వాటిని కాసేది పోలి అనే గొల్లపిల్ల. నలభై ఆవులకీ నలభై పేర్లు పెట్టుకుంది.

ఒకనాడు ధూమ్రకంఠుడనే మాంత్రికుడు బీడు నడుమ దిగి, రాజును పిలిపించాడు.

"ఈ నేల ఎవరిది?"

"ఊరిది."

"ఊరంటే ఎవరు? పేరు చెప్పు."

రాజు వెనక్కి తిరిగి ఊరి వైపు చూశాడు.

"పోనీ, హద్దురాళ్ళు చూపించు."

వెతికారు. ఒకటి రేవులో బట్టలుతికే బండయింది. ఒకటి ఎవరింటి ముందో మెట్టయింది. ఉండాల్సిన చోట ఒక్కటీ లేదు.

"పేరూ లేదు, హద్దూ లేదు. అయితే నాదే!" అని వాడు ఉఫ్ మని ఊదాడు. మేస్తున్న నలభై ఆవులూ నలభై రాళ్ళయిపోయాయి. "తొలకరి చినుకు పడేలోగా నన్ను వెళ్ళగొట్టండి చూద్దాం. చినుకు పడిందా, ఇవి ఎప్పటికీ రాళ్ళే."

పెద్దవాడు గుర్రమెక్కి, కత్తి దూసి వెళ్ళాడు. మాంత్రికుడు ఊదాడు. గుర్రంతో సహా రాయి. నడిమివాడు వెళ్ళి వాణ్ణి తెగ పొగిడాడు. వాడు అంతా విని, బాగుందని మెచ్చుకుని మరీ ఊదాడు. తెరిచిన నోరు తెరిచినట్టే రాయి.

చిత్రకేతు మాంత్రికుడి జోలికే పోలేదు. బీడు అంచున దిగులుగా నిలబడ్డ పోలి దగ్గరకి వెళ్ళాడు.

"ఏం చెయ్యమంటావు పోలీ?"

"ఇద్దరు రాళ్ళయ్యాక గుర్తొచ్చానా దొరా? మాంత్రికుడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు. ఎక్కడుందో గుంట దగ్గరి గూడబాతుని అడుగుదాం పద. ఊళ్ళు తిరిగే పిట్ట."

బీడు పల్లంలో గుంట ఎండిపోయి, ఆ గూడబాతు సంచిలాంటి పొడుగు ముక్కు వేలాడేసుకుని కూర్చుంది.

"ఏడు సముద్రాల అవతల దీవిలో చిలక ఉంది. వాడి ప్రాణం అందులోనే. ఎక్కండి నా వీపు" అంది. "అలా చూస్తారేం? ఈ గుంటలో చేపలు తినే నాలుగు తరాలుగా బతికాం. బీడు మీ ఒక్కళ్ళదే అనుకున్నారా?"

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటారు, ముక్కులు మూసుకుని. నేతి సముద్రం, పెరుగు సముద్రం దాటారు. పాల సముద్రం మీదుగా పోతుంటే పోలికి ఆవులు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది. మంచినీళ్ళ సముద్రం దాటి దీవిలో దిగారు.

చిలక గుమ్మడికాయంత ఉంది. ఎగరలేదు కూడా. చిత్రకేతు పట్టుకుని మెడ నులిమాడు. మెడ తిరగలేదు. మళ్ళీ నులిమాడు, తిరగలేదు. మూడోసారి నులిమితే చిలక కిచకిచా నవ్వింది.

చిత్రకేతు చెయ్యి తీసేశాడు. "అమ్మో, ఎంత గట్టి ప్రాణం! ఎలా సంపాదించావు తల్లీ?"

పొగిడితే పొంగనిదెవరు? "మీ ఊరివాళ్ళే పెట్టారు నాయనా! ఏటా దుక్కి దున్నేటప్పుడు గట్టు దాటి బీడులోకి ఒక్క సాలు ఎక్కువ వేస్తారు. ఒక్క సాలేగా, ఎవడికి నష్టం అంటారు. ఒక్కో సాలుకీ నా పొట్టలో ఒక్కో గింజ, మా మాంత్రికుడికి ఒక్కో ప్రాణం. మీ నాన్న మామిడితోట గోడ మూడుసార్లు ముందుకి జరిగింది. ఏం పిల్లా, నువ్వు నవ్వకు! మీ అయ్య దొడ్డి ముళ్ళకంప ఎక్కడిదాకా వచ్చిందో చూసుకో. అవన్నీ వెనక్కి పోతే తప్ప మా మాంత్రికుడు చావడు. పోయేవి కావులే!"

పోలి మొహం ఎర్రబడింది. "దీన్ని నా గంపలో పడెయ్యి దొరా. పోదాం."

గూడబాతు మీద ఊరు చేరేసరికి ఆకాశం మూసుకొస్తోంది. గట్టు వెనక్కి జరపమని ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే మాట: "ముందు పక్కవాణ్ణి జరపమను." పక్కవాణ్ణి అడిగితే: "ముందు రాజుగారిని జరపమను."

రాజు మీసం దువ్వాడు. "రాజుకి హద్దేమిటి?"

"ఉంది మహారాజా, అదిగో" అని పోలి బీడు వైపు చూపించింది. "మీ ఇద్దరు కొడుకులూ రాళ్ళయి నిలబడ్డారు. హద్దురాళ్ళకి పనికొస్తారు."

రాజు లోపలికి వెళ్ళి గునపం తెచ్చుకుని, తన తోట గోడ తనే పడగొట్టాడు. గంపలో చిలక "కీక్!" అని మూడు గింజలు కక్కింది. పోలి తన దొడ్డికంప పీకి వెనక్కి నాటింది. ఇంకో గింజ. అప్పుడు కదిలింది ఊరు. పారలు తీసుకుని ఎవరి గట్టు వాళ్ళు తవ్వి, పాత చోట వేసుకున్నారు. చిలక గుమ్మడికాయంతది దోసకాయంత, దోసకాయంతది వంకాయంత అయింది.

మాంత్రికుడు పరిగెత్తుకొచ్చి ఉఫ్ మన్నాడు. గాలి రాలేదు, దగ్గొచ్చింది.

ఇక ఒక్క గట్టే మిగిలింది, ముసలి సూరప్పది. ఆయన పార పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. మాంత్రికుడు ఆయన చెవిలో గుసగుసలాడాడు: "నీకున్న చేనంతా బీడులోదే. ఇచ్చేస్తే నీ కుండలో ఏం ఉడుకుతుంది తాతా?"

ఉరిమింది. ఇచ్చెయ్యమని ఆయనతో ఎవరంటారు? ఆకలిగొన్నవాడికి నీతులు చెప్పడానికి సిగ్గుండాలి.

చిత్రకేతు తండ్రి వైపు తిరిగాడు. "నాన్నగారూ, బీడు అందరిది. మామిడితోట మన సొంతం. సొంతంలోంచి ఇవ్వచ్చుగా?"

రాజు తోట చూశాడు, కొడుకులను చూశాడు. "నీళ్ళు పారే వైపు అరెకరం నీది సూరప్పా" అన్నాడు.

సూరప్ప పార ఎత్తి తన గట్టు తవ్వేశాడు. ఆఖరి గింజ రాలింది. చిలక పిచ్చుకంతై తుర్రుమంది. మాంత్రికుడు బూడిదై గాలికి పోయాడు. ఆ వెనకే టప్పున మొదటి చినుకు! అది రాతి మీద పడలేదర్రా, వెచ్చటి ఆవు వీపు మీద పడింది. నలభై ఆవులూ ఒక్కసారి అంబా అన్నాయి. రాజకుమారులిద్దరూ ఒళ్ళు విరుచుకున్నారు. పోలి వానలో కూలబడి, నలభై పేర్లూ పిలుస్తూ ఏడ్చింది, నవ్వింది.

"నన్ను పెళ్ళాడతావా పోలీ?" అన్నాడు చిత్రకేతు.

"మూడు మాటలకి ఒప్పుకుంటే. బీడు మూడు పాళ్ళు చెయ్యాలి: ఒకటి మేతకి, ఒకటి కోతగడ్డికి, ఒకటి ఊరికే ఉండటానికి. నేలకీ నడుం వాల్చే పొద్దు కావాలి. ఏటా పాళ్ళు మార్చాలి. రెండు, ఎవడి చేను వాడిదే అయినా, పక్కచేనుకి నీళ్ళు పోయే దారి మూయకూడదు. మూడు, ఏటా వేసవిలో రాజుతో సహా ఊరంతా హద్దు వెంట నడవాలి."

"నడుద్దాం" అన్నాడు. పెళ్ళయింది. అన్నలిద్దరూ "వినడం మావల్ల కాదు, నువ్వే ఏలుకో" అని కిరీటం వాడికే పెట్టారు.

మళ్ళీ ఎవరూ గట్టు జరపలేదా అంటారేమో. ఎందుకు జరపరు, మనుషులేగా! మూడో ఏడే ఒకడు జరిపాడు. హద్దు నడకలో రాణి ఆగి, "మామా, ఈ గట్టుకి కాళ్ళొచ్చాయా?" అంది. ఊరంతా ఘొల్లుమంది. వాడూ నవ్వేసి పార అందుకున్నాడు.

అలా అరవై ఏళ్ళు ఏలారు. గడ్డి పెరిగింది, గుంట నిండింది, పాలు పొంగాయి. వాళ్ళు చల్లగా ఉన్నారు. మీరిక లేచి కాళ్ళు కడుక్కోండి, అన్నాలకి వేళయింది.