చిలక గొంతులో దారం

“వకుళా!”

వెనక్కి తిరిగిన మనిషి పకపకా నవ్వింది. “నేను వకుళని కాదు దొరా, దాని మేనత్తని!”

రాకుమారుడు రత్నకేతు సిగ్గుతో తలొంచుకున్నాడు.

ఎందుకలా పొరబడ్డాడో చెబుతా వినండి పిల్లలూ. కుంకుమగిరి అనే రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకి ఒక్కడే కొడుకు, ఈ రత్నకేతు. మునివేషంలో సభకొచ్చిన మాంత్రికుడు కంకాళుణ్ణి, పసివాడైన ఆ కొడుకే, “వీడు మొన్నటి దొంగ!” అని పోల్చేశాడు. కంకాళుడికి ఒళ్లు మండింది. కళ్లూ ముక్కూ నోరూ కలిపి ఒక్క మొహంగా గుచ్చే దారం మన తలలో ఉంటుంది కదా, ఆ పిల్లాడి తలలోంచి దాన్ని లాగేశాడు. ఏడు సముద్రాల అవతల, తన ప్రాణమున్న చిలక గొంతులో దాచాడు. అప్పట్నుంచి రాకుమారుడికి కళ్లు కనిపిస్తాయి, ముక్కు కనిపిస్తుంది, మొహం కనిపించదు. తల్లినైనా గాజుల చప్పుడుతోనే పోల్చుకునేవాడు. ఆ సంగతి ఏ మనిషికీ చెప్పలేదు.

మాలలు కట్టే వకుళంటే అతనికి ప్రాణం. ముడి వేసినప్పుడల్లా ఆమె “హుఁ” అని ఊపిరి బిగపడుతుంది. కళ్లు మూసుకుంటే ఆమె చూపులు గుర్తొస్తాయి, ఆమె నవ్వు గుర్తొస్తుంది, ఆమె మొహం మాత్రం రాదు.

పెళ్లి కుదిరిందో లేదో, కంకాళుడు వకుళని ఎత్తుకుపోయాడు. రోజూ రాకుమారుడి చేతి ముద్ద తినే ముసలి కాకి అతని భుజమెక్కింది.

“ఒకసారి చూసిన మొహం నేను మరవను. పద.”

ఓడెక్కి ఏడు సముద్రాలూ దాటారు. సముద్రం సముద్రానికీ అతనికి ఒకటే దిగులు, దొరికినా పోల్చుకోగలనా అని.

కోటలో ముగ్గురు వకుళలున్నారు!

“నీ పిల్లని పట్టుకో. తప్పావా, ఆమె ఇక్కడే ఉంటుంది,” అన్నాడు కంకాళుడు.

“ముగ్గురిదీ ఒకటే మొహం! నాకే తెలీట్లేదు, నీకెలా తెలుస్తుందయ్యా?” అని కాకి గోలపెట్టింది.

“మొహంతో నాకేం పని, కాకి మావా?”

ముగ్గురికీ మల్లెలిచ్చి మాల కట్టమన్నాడు. కళ్లు మూసుకున్నాడు. మొదటి చోట చప్పుడు లేదు. రెండో చోటా లేదు. మూడో చోట, “హుఁ.”

చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ పొగైపోయారు. కంకాళుడు నోరు తెరుచుకుని చూస్తుంటే కాకి మూలనున్న చిలక పంజరం తలుపు లాగేసింది. చిలక అరుస్తూ ఎగిరింది. గొంతులోని దారం తేలివచ్చి రాకుమారుడి నుదుట దిగింది. ప్రాణం దూరమైన కంకాళుడు మట్టిబొమ్మలా కూలాడు.

“దారం కుదురుకోడానికి మూడు వారాలు పడుతుంది, ఓపిక పట్టు,” అంది కాకి.

తర్వాత వాళ్లిద్దరూ అరవయ్యేళ్లు చల్లగా రాజ్యమేలారు. అదంతా అందరికీ తెలిసిందే. నాకిష్టమైంది మాత్రం ఆ మూడు వారాలు నిండిన రోజున జరిగిన వాళ్ల పెళ్లి. జీలకర్రా బెల్లం పెట్టారు, అడ్డుతెర దించారు. కళ్లూ ముక్కూ నవ్వూ ఒక్కసారిగా కలిసి ఒక అమ్మాయి అయ్యాయి.

“ఏంటి దొరా, కొత్తగా చూస్తున్నారు?”

“కొత్తే వకుళా. నీ మొహం నేనెప్పుడూ చూళ్లేదు. ఆరోజు మీ అత్తని పిలిచింది కూడా నువ్వనుకునే. చెబితే వదిలేస్తావని చెప్పలేదు.”