రాజుగారిచ్చిన సెలవు

ముందే చెబుతున్నాను, మధ్యలో వరస తప్పితే నవ్వకండి. ఈ కథ మా అమ్మ నాకు చెప్పినప్పుడు నేను నీ అంత ఉండేదాన్ని హాసినీ. ఇప్పుడేమో ముందుది వెనక్కి పోతోంది, వెనకది ముందుకొస్తోంది. సముద్రం ముందొచ్చిందా, పిన్ని ఇల్లు ముందొచ్చిందా... పిన్ని ఇల్లే. ఆఁ, పిన్ని ఇల్లే ముందు. ఒరేయ్ శ్రీకర్, ఆ దుప్పటి చెల్లెలి మీదకి కూడా లాగు. మొత్తం నువ్వే చుట్టుకుంటే ఎలా?

సరే. అనగా అనగా ఒక రాజ్యం, రాజ్యానికో రాజు, రాజుకో పిచ్చి. ఏం పిచ్చి? పెరుగు పిచ్చి. పిండివంటలు ఎన్ని తిన్నా చివర్న గడ్డపెరుగు పడకపోతే ఆయనకి అన్నం తిన్నట్టే ఉండదు. ఆ పెరుగు చేసేవాళ్ళు ఒక కొత్త జంట. మొగుడు గవరయ్య, పెళ్ళాం వరహాలు. పేరు వరహాలే గానీ, పాపం, కొంగున ఒక్క వరహా ఉండేది కాదు. కోట వెనక, పశువులపాక పక్కన, రాజుగారిచ్చిన చిన్న ఇల్లు. కొలువుంటేనే ఆ ఇల్లు. కొలువు పోయిందా, ఇల్లూ పోయినట్టే.

రోజూ ఏం చేసేవాళ్ళు? గవరయ్య ఆవుల్ని పితికేవాడు. పితికిన పాలు వరహాలు కాచేది. కాచిన పాలు చల్లార్చేది. చల్లారిన పాలకి తోడు పెట్టేది. తోడుకున్న పెరుగు రాజుగారికి పంపేది. రాజుగారు తినేవారు, తెల్లారేది, గవరయ్య మళ్ళీ ఆవుల్ని పితికేవాడు. పండగా లేదు, పబ్బమూ లేదు. ఆవుకి ఆదివారం తెలీదు కదా.

ఒకనాటి మధ్యాహ్నం భోజనాల వేళ రాజుగారు ఇద్దర్నీ పిలిపించారు. నోట్లో పెరుగన్నం ముద్ద అలా ఉండగానే వాళ్ళ వైపు చూసి, "మీకు సెలవు..." అన్నారు. అన్నారో లేదో ఎక్కిళ్ళు! నీళ్ళు తాగారు, చెయ్యి కడుక్కున్నారు, లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. సెలవంటే ఏ సెలవు? పోనీ అడుగుదామా అంటే, ఆ రాజ్యంలో రాజుగారి మాటకి అర్థమేమిటని అడిగినవాణ్ణి చెరలో వేస్తారు. మంత్రిగారే ఎన్నడూ అడిగి ఎరగడు. అర్థమైనా చిత్తం, కాకపోయినా చిత్తం.

ఆ మంత్రినే అడిగారు. సెలవంటే ఆజ్ఞ, మీకేదో ఆజ్ఞ అయింది, పోయి చెయ్యండి అన్నాడు. ఏమిటండీ ఆ ఆజ్ఞ అంటే, ఆజ్ఞ మీకయింది గానీ నాకయిందా అని కసిరాడు. గుమ్మం దగ్గర భటుణ్ణి అడిగారు. "సెలవంటే ఇక దయచెయ్యమని! మా బావమరిదికీ ఇలాగే అన్నారు, ఇప్పుడు కట్టెలు కొట్టుకుంటున్నాడు" అన్నాడు వాడు. వంటవాణ్ణి అడిగారు. ఓసి పిచ్చి మొహాల్లారా, సెలవంటే ఆటవిడుపు, బడికి సెలవిస్తే పిల్లలేం చేస్తారు, మీరూ అదే చెయ్యండి అన్నాడు.

ఊ కొడుతున్నారా? ఒక్క గొంతే వినిపిస్తోంది, రెండోది ఏది? ఆఁ, అలాగ.

గవరయ్య ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. ఏ సెలవే ఇది, ఏ సెలవే ఇది అని ఒకటే గొణుగుడు. వరహాలు కాసేపు ఆలోచించింది. కొలువు పోతే వెళ్ళిపోవాలి, ఆటవిడుపైనా ఎక్కడికైనా వెళ్ళాలి. ఎటూ వెళ్ళేదే కాబట్టి ఏడుస్తూ ఎందుకు, పద, మా పిన్నిని చూసి చాలా కాలమైంది అంది. పశువుల్ని వంటవాడికి అప్పగించారు, మూట కట్టారు, బయల్దేరారు. మూట చిన్నది కట్టాలా, పెద్దది కట్టాలా అన్నది కూడా తేలక, చిన్నదొకటీ పెద్దదొకటీ కట్టారు.

వరహాలుకి తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచినది ఈ పిన్నే, అప్పలనరసమ్మ. నోరు గట్టిది, మనసు మెత్తన. గుమ్మంలో రెండు మూటల్నీ చూసి, "చూసిపోవడానికొచ్చారా, ఉండిపోవడానికొచ్చారా?" అంది.

"తెలీదు పిన్నీ" అంది వరహాలు.

"తెలీదా? ఇదేం ప్రయాణమే! సరే, తెలీకపోతే ముందు కాళ్ళు కడుక్కోండి."

లోపలికెళ్ళారు. ఇక చూడండి పిన్ని సంగతి. గారెలు వండి పళ్ళెంలో పెట్టింది, అవి తినేలోగా చీపురు తెచ్చి చేతికిచ్చింది. వరహాలుకి అయోమయం. ఇదేమిటి పిన్నీ, నేను చుట్టాన్నా, ఇంటిదాన్నా అంటే, పోయేదానివైతే గారెలు తిను, ఉండేదానివైతే వాకిలి ఊడువు, నీకే తెలీదంటున్నావు కాబట్టి రెండూ చెయ్యి అందిట.

అలా కొన్నాళ్ళు గడిచాయి. గవరయ్యకి మాత్రం సెలవంటే ఏం చెయ్యాలో తెలీదు. చీకటుండగానే మెలకువ వచ్చేసేది. పితకడానికి ఏమీ లేదు. ఒకనాడు ఆ నిద్రమత్తులో చెంబు పట్టుకుని పెరట్లో మేక దగ్గర కూర్చున్నాడు. అది మేక కాదర్రా, మేకపోతు! అది వెనక్కి తిరిగి ఇలా చూసింది, ఒక్క పొడుపు పొడిచింది. నవ్వండి, నవ్వండి, పిన్ని కూడా నవ్వీ నవ్వీ కూలబడింది. "నాయనా, నీకు సెలవు పడదు గానీ, ఎటైనా తిరిగిరా" అంది.

అప్పుడు వెళ్ళారు సముద్రానికి. అదిగో, చెప్పానా, పిన్ని ఇంటి తర్వాతే సముద్రం. అక్కడ గవరయ్య చిన్ననాటి స్నేహితుడు ఉప్పు పండిస్తాడు. పేరు సన్యాసి. పేరు సన్యాసే, ఇంటినిండా పిల్లలు. వీళ్ళని చూడగానే ఏమీ అడగలేదు. పిల్లల చాపలన్నీ ఓ మూలకి జరిపాడు, ఇంటికి ఆనించి తాటాకులతో కొత్త చావిడి వెయ్యడం మొదలెట్టాడు. గవరయ్య కంగారుపడి, ఉంటామో లేదో మాకే తెలీదురా, ఎందుకీ కష్టం అన్నాడు.

"ఉంటే మీకు, లేకపోతే నా మేకలకి. ఆకు అందుకో" అన్నాడు సన్యాసి.

సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఇసకలో కూర్చున్నారు. వరహాలు సముద్రాన్ని చూడటం అదే మొదలు. ఎన్ని నీళ్ళో, ఒక్క గుక్క తాగడానికి లేదే అని ఆశ్చర్యపోయింది. గవరయ్య మాత్రం కెరటాలకేసి చూస్తూ, నాకు సిగ్గుగా ఉంది వరహాలూ అన్నాడు. ఎందుకంటే, నాకు పాలు పితకడం వచ్చిందే సన్యాసి వల్ల. మా ఇంట్లో గొడ్డూ గోదా లేని రోజుల్లో వాడు తన గేదెని తోలుకొచ్చి మా గుంజకి కట్టాడు. దీన్ని పితుక్కో, పాలు నీవి, పేడ నాది అన్నాడు. ఆ గేదె వల్లే నాకు కొలువు దొరికింది. కొలువు దొరికాక ఈ వైపు తొంగి చూశానా? ఇవాళ కొలువు పోయిందేమోనన్న భయం వస్తేగానీ వాడు గుర్తు రాలేదు అన్నాడు.

వరహాలుకీ పిన్ని గుర్తొచ్చింది. చీపురిచ్చినందుకు లోపల్లోపల కాస్త కోపం ఉండేది కదా. ఇప్పుడు తెలిసింది. చుట్టాన్ని ఊడవమంటారా ఎవరైనా? పొమ్మన్నా పోనవసరం లేని చోటే చీపురు చేతికిస్తారు. అది తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మరి వీళ్ళకి మన సంతోషం ఎలా చెప్పడం అంది. చెబితే సన్యాసి ఊరుకుంటాడా, తిడతాడు అన్నాడు గవరయ్య. అందుకని చెప్పలేదు. ఆ పూట సన్యాసి ఇంట్లో ఉన్న గేదెల్ని గవరయ్య పితికాడు. పితికిన పాలు వరహాలు కాచింది. కాచిన పాలు చల్లార్చింది. చల్లారిన పాలకి తోడు పెట్టింది. పొద్దున్న పిల్లలందరూ మూతులకి మీగడ పూసుకుని తిరిగారు.

కొలువు పోయిందో లేదో ఇంకా తెలీదు. భయం మాత్రం పోయింది. అయినా ఎన్నాళ్ళని తెలీకుండా ఉంటాం, చెరలో వేస్తే వెయ్యనీ, వెళ్ళి తేల్చుకుందాం అంది వరహాలు. మూటలు కట్టుకుని కోటకొచ్చారు.

అక్కడ రాజుగారు ఉగ్రనరసింహుడిలా ఉన్నారు. వంటవాడి పెరుగు జిగురులా సాగుతోందిట. నిండు కొలువులో ఎక్కడికి పోయారని గర్జించారు. గవరయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. వరహాలు ముందుకొచ్చి, ప్రభువులు సెలవిచ్చారు, పుచ్చుకున్నాం అంది.

"అయిపోయిందా మరి?"

"తమరెంత ఇచ్చారో తెలిస్తే కదా ప్రభూ, అయిపోయిందో మిగిలిందో మాకు తెలిసేది!"

చూశారా గడుసుతనం? అర్థం అడగలేదు, అడిగినట్టూ అయింది! మంత్రి చిత్తం అనాలో వద్దో తెలీక నోరు తెరిచి మూశాడు. రాజుగారు సింహాసనం మీద కాస్త ముందుకి వంగి కూర్చున్నారు. ఆ తర్వాత మెల్లిగా చెప్పారు. ఆవేళ ఆయన అడగాలనుకున్నది వేరేట. మీకు సెలవు దొరికితే ఏం చేస్తారు అని అడగబోయారట. మధ్యలో ఎక్కిళ్ళు వచ్చాయి. పుట్టిన దగ్గర్నుంచీ తనకి ఎవరూ సెలవివ్వలేదు కదా, తెలుసుకుందామనిపించిందిట.

అయితే చెప్పండి, ఏం చేశారు అన్నారు. వరహాలు చీపురు సంగతి, చావిడి సంగతి అన్నీ చెప్పింది. మేకపోతు సంగతి చెప్పొద్దని గవరయ్య చెయ్యి గిల్లాడు గానీ, అదీ చెప్పేసింది.

రాజుగారు నవ్వలేదు. కొలువంతా ఒకసారి కలయజూసి, నాకే సెలవు దొరికితే, ఈ కిరీటం అదీ లేకుండా, ఎవరింటికెళ్ళను అన్నారు. మంత్రి పైకప్పు చూశాడు. సేనాపతి కత్తి ఒర సవరించుకున్నాడు. కవిగారు దగ్గారు.

కొలువులో ఎప్పుడూ నోరెత్తని గవరయ్య, "మా ఇంటికి రండి బాబూ" అనేశాడు.

అనేశాక తెలిసింది ఏమన్నాడో. ఆ ఇల్లు ఇంకా తమదో కాదో కూడా తెలీదే! రాజుగారు లేచి నిలబడ్డారు. అందరూ అయిపోయింది వీడి పని అనుకున్నారు. రాజుగారు కిరీటం తీసి సింహాసనం మీద పెట్టి, పద అన్నారు.

పశువులపాక పక్కన ఆ చిన్న ఇంట్లో, నేల మీద పీట వేసుకుని పప్పూ అన్నం తిన్నారు. అరుగు మీద నడుం వాలుస్తూ, గవరయ్యా, సాయంత్రం పాలు పితికేటప్పుడు లేపు, నేనూ చూస్తాను అన్నారు. మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. సాయంత్రం పాలు పితకాలంటే కొలువున్నట్టే కదా! ఇల్లున్నట్టే కదా! వరహాలు గబగబా పెద్ద మూట విప్పేసింది.

ఇంతలో మంత్రి రొప్పుతూ వచ్చాడు. ప్రభువులెక్కడ, అవతల సామంతరాజు వచ్చి కూర్చున్నాడు అన్నాడు. వరహాలు గుమ్మంలో అడ్డంగా నిలబడి, నోటి మీద వేలు పెట్టి, "ప్రభువులకి సెలవు" అంది.

మంత్రి గుడ్లు తేలేశాడు. ఏ సెలవు? ఆటవిడుపా, ఆజ్ఞా, ఏకంగా రాజ్యమే పోయిందా? అడగడానికి లేదాయె. చిత్తం, చిత్తం అనుకుంటూ వచ్చిన దారినే పోయాడు.

అదర్రా కథ. అందుకని, మనకి మంచి చేసినవాళ్ళ ఇంటికి కష్టమొచ్చినప్పుడే కాదు, ఊరికే కూడా వెళుతూ ఉండాలి. కథేమో కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లో దూరిపోదాం.

పడుకున్నారా? అమ్మాయ్ సుగుణా, ఇలా రా ఒకసారి. నీ చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర నువ్వూ విన్నావుగా ఈ కథ. గేదెనిచ్చినవాడు సన్యాసేనా, సింహాద్రా? పిన్ని పేరు అప్పలనరసమ్మే అనుకుంటాను... నువ్వు గుర్తు తెచ్చుకుని చెప్పు. తప్పయితే పొద్దున్న పిల్లలకి సరిచేసి చెబుతాను.