ముత్తెన్న జేబుల సెల్లు

“‘పగటీలి ఈ-సిగరెట్టు బందైతే నా చెయ్యి మళ్ల సిగరెట్ డబ్బ మీదికే పోతది.’ ముత్తెన్న అన్న మాట ఇది ఉస్తాద్, నేను కల్పించింది కాదు,” అన్నడు లింబాద్రి. గొంతు అప్పటికే లేచింది. “అందుకే దాంట్ల పెద్ద బ్యాటరీ సెల్లు ఏసిన. మీరేమో తియ్యమంటున్నరు.”

షార్జాల బ్యాటరీలు బాగుజేసే దుకాణం అది. ఖైసర్ ఉస్తాద్‌ది హైదరాబాద్ పాతబస్తీ. లింబాద్రిది కోరుట్ల దిక్కు. ఆయన చేతికింద పని నేర్చుకోబట్టి మూడేండ్లు. ముత్తెన్న క్రేన్ డ్రైవరు, లింబాద్రి రూంలనే ఉంటడు. ఇరవై ఏండ్ల సిగరెట్‌ను, ఈ-సిగరెట్టు పట్టుకొని రెండు నెలల కింద విడిచిండు. ఇప్పుడు దాని సెల్లు పోయింది. సాయంత్రం వచ్చి తీస్కపోతడు.

లింబాద్రి ఉత్తగనే ఏయలే. మూడు రకాల లిథియం సెల్లులు ముందట పెట్టుకొని వారం రోజులు చూసిండు, నోటుబుక్కుల రాసుకున్నడు. ఐరన్ ఫాస్ఫేట్‌ది నెమ్మది గుణం, గాని ఈ మిషిన్‌కు దాని వోల్టేజీ చాలదు. మాంగనీసు అడిగినంత కరెంటు ఇస్తది, గాని పగటీలికే ఒడుస్తది. కోబాల్ట్ పొద్దుందాక వస్తది. నిమిషానికొక్క దమ్ము చొప్పున గడియారం పెట్టి మరీ చూసిండు. ఇగ తప్పెక్కడుంది?

ఉస్తాద్ బుక్కు మొదటికెల్లి చివరిదాక తిరగేసి మూసిండు.

“బాగ రాసినవ్ బేటా. ఇండ్ల ముత్తెన్న ఏ పేజీల ఉన్నడు?”

లింబాద్రికి మండింది.

ఉస్తాద్ మిషిన్లకెల్లి కోబాల్ట్ సెల్లు తీసి, వైర్లు తగిలిచ్చి, లింబాద్రి అంగీ జేబుల పెట్టిండు. వైర్ల అవతలి కొసకు మిషిన్‌ల పొగ పుట్టిచ్చే కాయిల్. చాయ్ తెప్పిచ్చుకొని, ఎదురుంగ కూసుండి, దమ్ముకొక్కసారి లెక్క బటన్ ఒత్తుడు మొదలుపెట్టిండు. పొడుగు దమ్ము. ఒక్క గుటక చాయ్. మళ్ల పొడుగు దమ్ము.

“ఇంత బిరబిర ఎవరు పీలుస్తరు ఉస్తాద్?”

“నిన్న వాని పక్కన కూసుండి చాయ్ తాగిన. కప్పు ఒడిసేలోపట పద్నాలుగు.”

తొమ్మిదోదానికి లింబాద్రి జేబు సుర్రుమన్నది. పదకొండోదానికి చెయ్యి తనంతట తనే జేబులకు పోయి సెల్లును తీసి బల్లమీద పెట్టింది.

ఉస్తాద్ మొఖం దిక్కు చూడకుంట లింబాద్రి మాంగనీసు సెల్లుకు తనే వైర్లు తగిలిచ్చి జేబుల ఏసుకున్నడు. ఉస్తాద్ ఇంకో చాయ్ చెప్పిండు. ఈసారి పద్నాలుగూ అయినయ్. జేబు గోరువెచ్చగైంది, అంతే.

సాయంత్రం ముత్తెన్న వచ్చిండు. పొద్దుందాక వస్తదా అని అడుగుడే ముందు.

“రాదన్నా. బువ్వ తిన్నంక మార్చాలె,” అని లింబాద్రి రెండో సెల్లు చేతిల పట్టుకున్నడు. ఇయ్యలే. “ఇది ఏ జేబుల ఏస్కుంటవ్?”

సెల్లు కొనేటోన్ని జేబు అడుగుడేందని ముత్తెన్న నవ్విండు. నవ్వుకుంటనే జేబు బోర్లిచ్చిండు. రూం తాళంచెవి, చిల్లర పైసలు, ఇనుప దువ్వెన.

“సెల్లు రెండు కొసలకు ఈ ఇనుము తాకిందంటే జేబుల్నే అంటుకుంటదన్నా,” అన్నడు లింబాద్రి. తర్వాత లోపలికి పోయి, మూతున్న ప్లాస్టిక్ డబ్బ ఎతుకుడు పెట్టిండు.

ఇసొంటి సెల్లే మీ ఫోన్ల కూడ ఉంటది. దాన్ని మీకు అమ్మినాయన, మీ జేబుల ఇంకేమేం ఉంటయని మిమ్ముల ఎన్నడన్న అడిగిండా?