సీలు వేసిన ఫిల్టరు

అడిగినదానికి నోటితో జవాబు చెప్పడం శంభులింగం సారుకు అలవాటు లేదు. పాలిటెక్నిక్‌లో పని నేర్పిన రోజుల్లోనూ అంతే, అడిగినవాణ్ణి చెయ్యి పట్టి తీసుకుపోయి మిషను ముందు నిలబెట్టేవాడు. అట్లా నిలబడ్డవాళ్ళలో నరహరి ఒకడు. మంచి ఇంజనీరయ్యి, మిషన్లు వదిలిపెట్టి, ఢిల్లీలో సైన్సు విధానాలు రాసే కొలువుకు పోయాడు. పోయేటప్పుడు గురువుకు ఒక్క మాట చెప్పలేదు. సారు అది మరవలేదు. మరిచేదీ కాదు.

తాను రిటైరైన ఏడాది నరహరి వచ్చి సారు కాళ్ళకు మొక్కాడు.

"సారూ, మిషను చేస్తే ఒక్క ఊరికే, విధానం రాస్తే దేశానికంతా అనుకొని పోయిన. బతుకంతా దానికే పెట్టిన. ఎవరికన్నా అక్కరకొచ్చిందంటరా?"

సారు చెప్పులేసుకున్నాడు. "నడువు."

పక్క ఊళ్ళో ఫ్లోరైడు నీళ్ళు. ఎముకలు కొయ్యబారే నీళ్ళు. అక్కడ సారు ఒక ఫిల్టరు కట్టి, ముందు తానే తాగి చూసి, ఊరికిచ్చాడు. అధికార్లు వచ్చి ఫిల్టరు గది తలుపుకు సీలు వేసిపోయారు. సర్కారు పరీక్ష కాని ఫిల్టరు నీళ్ళు ఎవరికీ పోయరాదని నియమం. ఆ నియమం రాసింది నరహరే. ఎక్కడో దొంగ ఫిల్టరు నీళ్ళు తాగి పిల్లలు చచ్చిపోతే, కడుపు మండి రాశాడు. పరీక్ష చేసే మనుషుల్ని కూడా ఇమ్మన్నాడు. సీసాల్లో నీళ్ళు తాగే పైవాళ్ళు ఆ మాట కొట్టేశారు. నియమమన్నా మిగలనీ అని సంతకం పెట్టాడు. మనుషులు రానే లేదు.

సారు నరహరిని ఆ తలుపు ముందు నిలబెట్టి, ఒక రాయి తీసి అతని చేతిలో పెట్టాడు. "పగలగొట్టు."

బోరింగు దగ్గర సాయమ్మ అనే ముసలామె నవ్వింది. "సీలు నీదేనటగద బిడ్డా? నీ తలుపు నువ్వు తీయనీకి ఎవలనడుగుతవ్?"

నరహరి రాయెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"నేనే పగలగొడితే, రేపు దొంగ ఫిల్టరోడూ పగలగొడతడు సారూ. మళ్ళా పిల్లలు..."

రాయి కింద పెట్టి ఏడ్చాడు. సాయమ్మ చూసి చూసి, రోజూ తాగే బోరింగు నీళ్ళే కొట్టుకొని బిందె నింపింది.

"నేను రాసింది తప్పా సారూ? ఒక్క మాట చెప్పుండ్రి."

"ఆమె నడుం వంగదు" అన్నాడు సారు. "బిందె నువ్వు ఎత్తు."