బావిలో నానిన గూడు

అనగనగా ఒక దిగుడుబావి, బావి మీదికి వంగిన ఒక ఈతచెట్టు, ఆ చెట్టు నిండా గిజిగాళ్లు. గిజిగాడి గూటికి ముడే ప్రాణం. ముడి వదులైతే గూడు గుడ్లతో సహా బావిలో పడుతుంది.

గరికయ్య అనే గిజిగాడి పెద్దకొడుకు గూడు కిందటేడు అలాగే పడింది. వాడు వేసవంతా ఆడి, నేర్చిన ముడి మరిచి, ముసురుగాలికి గూడు పోగొట్టుకున్నాడు. సిగ్గుతో చెట్టే విడిచిపోయాడు. ఆనాటి నుంచి గరికయ్యకు కోపం ముక్కు మీదే ఉంటోంది. ఈ ఏడు చిన్నకొడుకు జొన్నడు తొలిసారి గూడు కట్టాలి మరి!

ఎండలు ముదిరాయి. పిల్లలకు ముడి వేయడం నేర్పే పంతులు గిజిగాడు బడి మూసేశాడు.

"పచ్చగడ్డి ఏదయ్యా? ఎండుగడ్డి పుటుక్కున తెగుతుంది. వానలు పడ్డాక పంపు" అన్నాడు.

"వానలు పడ్డాక నేర్చుకునే తీరికెక్కడ? గడ్డి మొలవగానే గూళ్లు కట్టొద్దూ?" అని గరికయ్య మండిపడ్డాడు. పంతులు అప్పటికే కునుకు తీస్తున్నాడు.

సరే, నేనే నేర్పుతానని గరికయ్య జొన్నడిని కొమ్మ మీద కూర్చోబెట్టాడు.

"చెప్పరా, ముడి ఎలా వేస్తావు? నోట్లో బెల్లంగడ్డ ఉందా?" అని పొద్దస్తమానం తిట్టాడు. జొన్నడు తల రెక్కలో దాచుకున్నాడు.

తర్వాత రామచిలుకను పిలిపించాడు. చిలుక "చుట్టు, దూర్చు, లాగు" అని వల్లె వేయించింది. జొన్నడు గడగడా అప్పజెప్పాడు. గరికయ్య ఒక పీచు ఇచ్చి, "ఏదీ, వెయ్యి" అన్నాడు. జొన్నడు పీచు వంక బిత్తరగా చూసి, "చుట్టు, దూర్చు, లాగు" అన్నాడు. గరికయ్య చిలుకను తరిమి తరిమి కొట్టాడు.

ఒక మిట్టమధ్యాహ్నం జొన్నడు కనపడలేదు. గరికయ్య వెతికి వెతికి బావిలోకి తొంగి చూశాడు. కిందిమెట్టు దగ్గర, నీళ్లలో తేలే పెద్దకొడుకు గూటిని జొన్నడు ముక్కుతో పీకుతున్నాడు.

"అన్న గూటితో ఆటలా, దరిద్రుడా!" అని గరికయ్య ముక్కు ఎత్తి దూకాడు.

జొన్నడు రెక్కలు ముడుచుకున్నాడు. అయినా కదలలేదు. "ఆడటం లేదు నాన్నా! ఇది నాని మెత్తబడింది, తెగడం లేదు. ఒక్కో ముడీ విప్పి, మళ్లీ వేస్తున్నాను. ఇటు చూడు, అన్న ఇక్కడ ఒకే చుట్టు చుట్టి వదిలేశాడు. అందుకే పడిపోయింది."

గరికయ్య ఎత్తిన ముక్కు దించాడు. మెట్టు మీద పీచులు ఒక్కటీ తెగకుండా వరసగా ఉన్నాయి. ఇన్నాళ్లూ తన కాళ్ల కిందే నానుతున్న గడ్డిని చూడక బిడ్డను తిట్టినందుకు అతనికి తన మీదే ఒళ్లు మండింది. ఆ మంటతోనే వెళ్లి పంతులు తోక పట్టి లాగాడు.

"గడ్డి లేదన్నావే! లేచి చూడు!"

ఆ వేసవంతా పిల్లలు పాత గూళ్లు బావిలో నానబెట్టి, విప్పుతూ వేస్తూ ఆడుకున్నారు. గరికయ్య పక్కనే కూర్చుని, తిట్టు వచ్చినప్పుడల్లా నోట్లో ఒక పీచు పెట్టుకున్నాడు.

వానలొచ్చాయి, గూళ్లు లేచాయి. ముసురుగాలి చెట్టును ఊపి ఊపి వదిలింది. జొన్నడి గూడు ఊగింది గాని పడలేదు. ఆ ముసురులో తడుస్తూ పెద్దకొడుకు వచ్చి కొమ్మ చివర వాలాడు.

"తమ్ముడూ, ఆ ముడి నాకూ చూపించరా" అన్నాడు.

బడికి సెలవులుంటాయి గాని నేర్పుకు ఉండవు. ఆ నేర్పు తిడితే రాదు, వల్లిస్తే రాదు, బిడ్డ చేతికి పని దొరికితే వస్తుంది.