నలభై పేజీల్లో లేని బండి

విజయవాడ పటమటలో చక్రధర్ అని ఒక టైల్స్ షాపాయన ఉండేవాడు. ఏ వస్తువు కొనాలన్నా పదింటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూసేవాడు గానీ, తన దగ్గరున్న వస్తువు వంక ఒక్కసారైనా తేరిపార చూసేవాడు కాదు.

ఒకసారి ఇంట్లోకి మిక్సీ కొనడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది. ఏది ఎంత గట్టిగా తిరుగుతుందో, ఏది ఎంత మోత చేస్తుందో నోటుబుక్కులో గళ్లు గీసి మరీ రాశాడు. తీరా తెచ్చాక అది వంటింటి అలమరలో పట్టలేదు. మిక్సీ ఎత్తు రాశాడు గానీ అలమర ఎత్తు కొలవలేదు మరి! "ఇప్పుడు దీన్ని నా నెత్తిన పెట్టుకోనా?" అంది భార్య సువర్చల. చక్రధర్ నవ్వేసి ఊరుకున్నాడు.

ఆయన దగ్గర ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. ఇద్దరే పట్టే చిన్న కారు. కాలేజీ రోజుల్లో అలాంటిది రోడ్డు మీద ఒక్కసారి చూసి మనసు పారేసుకున్నాడు. పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాక, పాతది ఒకటి బెంగుళూరులో దొరికితే తెచ్చుకున్నాడు. ఆ రకం ఇంజన్లు చెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది. ఇది పోతే ఇంకోటి దొరకదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఏటా ఫిబ్రవరిలో అలాంటి కార్లున్నవాళ్లంతా ఊరి బయట ఒక మూతపడ్డ ఫ్యాక్టరీ ఆవరణలో చేరేవారు. లోపలి సిమెంటు రోడ్డు మీద ఒకరి తర్వాత ఒకరు బండి పరిగెత్తించి, ఎవరిది ఎంతసేపట్లో చేరిందో చూసుకునేవారు. ఆ ఏడు చక్రధర్ బండి అందరికన్నా వెనకబడింది. బావమరిది ఫణీంద్ర భుజం మీద చెయ్యేసి, "బావా! నీ బండి ఫొటోలకి బ్రహ్మాండంగా ఉంటుంది. పరుగుకి మాత్రం తేకు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

ఆ నవ్వు చక్రధర్ చెవిలో ఉండిపోయింది. బండికి సూపర్‌చార్జర్ పెట్టించాలని ఆ రోజే అనుకున్నాడు.

సూపర్‌చార్జర్ అంటే అదొక వింత యంత్రం. మామూలుగా ఇంజన్ తనకు చాతనైనంత గాలే పీల్చుకుంటుంది. దీన్ని ఒక బెల్టుతో ఇంజన్‌కే తగిలిస్తారు. ఇంజన్ తిరిగితే ఇదీ తిరుగుతుంది. తిరుగుతూ బయటి గాలిని నొక్కి నొక్కి లోపలికి కూరుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది. బండి ముందుకు దూకుతుంది.

ఇలాంటి కిట్లు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో అన్నీ వెతికాడు చక్రధర్. ఏడు నెలల్లో నలభై పేజీలు నింపాడు. చివరికి మూడు మిగిలాయి. ఆ నోటుబుక్కు పట్టుకుని ఆటోనగర్‌లో మనోహరాచారి షెడ్డుకు వెళ్లాడు.

మనోహరాచారి పేరున్న మెకానిక్. వాళ్లది కమ్మరి పని చేసిన కుటుంబం. ఆయన తల్లి భద్రమ్మ భర్త పక్కన కూర్చుని ముప్పై ఏళ్లు కొలిమి తిత్తి ఊదిన మనిషి. డెబ్బై ఏళ్లు దాటినా పొద్దున్నే వచ్చి షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. అరవై అయిదో ఏట బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. అప్పటి నుంచీ ఆవిడకు ఏది కనపడినా చదవాలనే. ఆయిల్ డబ్బాలు, లారీల వెనక రాతలు, ఏదీ వదిలేది కాదు.

చక్రధర్ బానెట్ మీద నోటుబుక్కు తెరిచాడు. "చూడండి ఆచారిగారూ! మొదటిది ఇంజన్ నెత్తిన కూర్చుంటుంది. లోపల రెండు మరలు పెనవేసుకుని తిరుగుతాయి. కాలు ఆనించగానే లాగుతుంది గానీ, తొందరగా వేడెక్కుతుంది. రెండోది అలాంటిదే, గాలిని చల్లబరచడానికి నీళ్ల పెట్టె కూడా ఇస్తారు. కాకపోతే బరువు. మూడోది పక్కన బిగించేది. వేగం పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది."

భద్రమ్మ లేచి వచ్చి, పుస్తకంలో ఉన్న మూడోదాని బొమ్మ మీదకు వంగింది. "ఇది అచ్చం నత్తగుల్లలా ఉందే! ఇదేం చేస్తుంది నాయనా?"

"ఇంజన్‌కి గాలి కొడుతుంది మామ్మగారూ. దీంతో ఇంకో డెబ్బై గుర్రాల బలం వస్తుంది."

"డెబ్బై గుర్రాలే! ఇంత గుల్లలో ఎక్కడ కట్టేస్తారమ్మా అన్నిటినీ?" అని ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. అంతలోనే ముఖం వెలిగింది. "ఆగాగు. గాలి కొట్టి నిప్పు రాజెయ్యడమంటే ఇది మా తిత్తే కదూ?"

"అదే మామ్మగారూ! సరిగ్గా అదే!" అన్నాడు చక్రధర్ సంబరంగా.

"మరి కొలిమి తడిమి చూశావా?"

"కొలిమేంటి?"

"నేను పొద్దున్నే తిత్తి ముట్టుకునే ముందు, తడి చెయ్యి పెట్టి కొలిమి చుట్టూ తడిమేదాన్ని. ఎక్కడన్నా పగులుంటే చేతికి తెలిసిపోతుంది. అక్కడ కాస్త మట్టి మెత్తి ఆరనిచ్చి, అప్పుడు గాలి కొట్టేదాన్ని. పగులుండగా కొట్టామనుకో, నిప్పు ఇనుము జోలికి పోదు, గోడనే తింటుంది."

ఆవిడ నోటుబుక్కు చేతిలోకి తీసుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పేజీ తర్వాత పేజీ తిప్పింది. చివరి దాకా తిప్పి, మళ్లీ మొదటికి వచ్చింది. "అన్నిటి పేర్లూ ఉన్నాయి. నీ బండి ఏ పేజీలో ఉంది నాయనా?"

"నా బండి గురించి రాసేదేముంది మామ్మగారూ! రోజూ కళ్లముందే ఉంటుందిగా" అని నవ్వాడు చక్రధర్.

మనోహరాచారి నవ్వలేదు. ఇంజన్ స్టార్ట్ చెయ్యమన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంజన్ కడుపులో చప్పుడు వినడానికి ఆయన పద్ధతి అది. మూడో సిలిండర్ దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఆయిల్ ఏమన్నా తాగుతోందా సార్?"

"నెలకో లీటరు పోస్తుంటాను. పాత బండి కదా."

"ఒక్కరోజు నా దగ్గర వదలండి. ప్లగ్గులు విప్పి, గేజి పెట్టి, నాలుగు సిలిండర్లూ ఎంత ఒత్తిడి తట్టుకుంటున్నాయో చూస్తాను. ఏ కిట్టు పెట్టాలో, అసలు పెట్టొచ్చో లేదో అప్పుడు చెబుతాను."

"కిట్టు రానివ్వండి, అప్పుడు చూద్దాం" అన్నాడు చక్రధర్. ఆయన మనసంతా నత్తగుల్ల మీదే ఉంది.

ఆ రోజే పురమాయించిన నత్తగుల్ల కిట్టు రావాల్సినప్పుడు రాలేదు. మళ్లీ ఫిబ్రవరిలో, పందేనికి నాలుగు రోజుల ముందు వచ్చింది. పెట్టె విప్పితే వెండిలా మెరుస్తోంది. చక్రధర్ దాన్ని పసిబిడ్డలా పట్టుకుని ఆచారి దగ్గరకు పరిగెత్తాడు.

"బిగించడానికి మూడు రోజులు. ముందు పరీక్షకి ఒక రోజు. బిగించాక సరిచూసుకోవడానికి ఇంకో రెండు రోజులన్నా కావాలి. ఈ ఏడు పందెం వదిలెయ్యండి సార్" అన్నాడు ఆచారి.

"పరీక్ష పందెం అయ్యాక చేద్దురు గానీ, ముందు బిగించండి."

"చూడకుండా బిగించను సార్. తర్వాత నేను తలెత్తుకోలేను."

చక్రధర్‌కు కోపం వచ్చింది. ఏడు నెలలు చదివింది నేను, ఈయనకు నాకన్నా ఎక్కువ తెలుసా అనుకున్నాడు. బండిని రెండు వీధుల అవతలున్న ఇంకో షెడ్డుకు తీసుకెళ్లాడు. వాళ్లు ఏమీ అడగలేదు. చెప్పింది చెప్పినట్టు బిగించి ఇచ్చారు.

ఆదివారం పొద్దున ఫ్యాక్టరీ రోడ్డు మీద అందరూ ఆ బండి చుట్టూ మూగారు. ఫణీంద్ర బానెట్ కిందకు తొంగి చూసి, "అబ్బో! బావ బండికి రెక్కలొచ్చాయి" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

జెండా ఊపారు. చక్రధర్ కాలు నొక్కాడు. బండి మొదట మామూలుగానే కదిలింది. వేగం పెరిగేకొద్దీ ఈల వేసినట్టు ఒక సన్నటి కూత మొదలైంది. ఎవరో వెనక నుంచి అరచెయ్యి పెట్టి తోసినట్టు ఆయన వీపు సీటుకు అంటుకుపోయింది. పుస్తకంలో రాసుకున్నదంతా నిజమే! ప్రతి అక్షరం నిజమే! చక్రధర్ గట్టిగా నవ్వాడు. అలా పది సెకన్లు.

పదకొండో సెకన్లో ఇంజన్‌లో టప్‌మని చప్పుడైంది. కూత ఆగిపోయింది. అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ. బండి దానంతట అదే నెమ్మదించి, చివరి గీతకు ఇంకా చాలా దూరంలో ఆగిపోయింది. మళ్లీ ఎన్నిసార్లు తాళం తిప్పినా లేవలేదు. ఫణీంద్ర పరిగెత్తుకుంటూ వచ్చాడు. చక్రధర్ ముఖం చూసి, తాడు తేవడానికి వెళ్లాడు.

మర్నాడు చక్రధర్ ఎర్ర బండిని లాక్కొచ్చి ఆచారి షెడ్డు ముందు నిలబెట్టాడు. తల ఎత్తలేదు. ఆచారి బానెట్ ఎత్తాడు. ఇంజన్ విప్పాడు. మూడో సిలిండర్లో పైకీ కిందకీ ఆడే పిస్టన్ అంచు విరిగి ఉంది. ఆ ముక్కలు సిలిండర్ గోడను పై నుంచి కింద దాకా గీకేశాయి.

"ఇది పాత దెబ్బే సార్. రింగులు ఎప్పుడో అరిగాయి, పిస్టన్‌కు సన్నటి పగులు కూడా ఉండుంటుంది. మెల్లగా నడిపినన్నాళ్లూ ఓర్చుకుంది. గాలి గట్టిగా కొట్టేసరికి తట్టుకోలేకపోయింది."

భద్రమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని అడిగింది. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "ఇంతకీ ఆ మూడింట్లో ఏది మంచిది నాయనా?"

"నత్తగుల్లదే మామ్మగారూ. దానికేమీ కాలేదు. ఇప్పటికీ వేలితో తిప్పితే మెత్తగా తిరుగుతోంది." అని ఆ మెరిసే గుల్ల వంకా, నోరు తెరుచుకున్న ఇంజన్ వంకా చూశాడు. "నేను సరైనదే ఎంచుకున్నాను" అన్నాడు.

"బతుకుతుందా ఆచారిగారూ?"

"సిలిండర్ తొలిచి, లోపల కొత్త గొట్టం దించాలి. పిస్టన్ ఎక్కడన్నా దొరకాలి, లేదంటే చేయించాలి. ఏడాది పడుతుంది. ముందు మిగతా మూడు సిలిండర్ల సంగతి చూడాలి. అప్పటిదాకా మాట ఇవ్వలేను సార్."

"చూడండి. ఎన్నాళ్లయినా ఫర్వాలేదు. నేనూ పక్కనే ఉంటాను."

అని చక్రధర్ వెళ్లి ఎదురుగా కొట్లో కొత్త నోటుబుక్కు కొనుక్కొచ్చాడు. పెన్ను తీశాడు గానీ, ఏం రాయాలో తెలియక అలాగే నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్లు కోరుకున్న బండి గురించి తనకు రాయడానికి ఒక్క వాక్యం లేదు.

"ఇలా తే" అని భద్రమ్మ పెన్ను అందుకుంది. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, మొదటి పేజీ మీద పెద్ద పెద్ద వంకర అక్షరాలతో రాసింది: ఎర్ర బండి. మూడో గదికి జబ్బు. నెలకో లీటరు ఆయిల్ తాగేది.

రాసి, ఒకసారి చదివి చూసుకుని, "తక్కినది నువ్వు తడిమి చూసి రాసుకో నాయనా" అంది.

పిల్లలూ, కొత్త బలం ఎంత గొప్పదో తెలుసుకోవడం తప్పు కాదు. కానీ దాన్ని తెచ్చి పెట్టుకునే ముందు, మన దగ్గరున్నది ఆ బలాన్ని మోయగలదో లేదో చూసుకోవాలి.