బీరతొక్కుతో గెలిచిన గుహ

గుండ్లకొండ అడవిలో కొండముచ్చులు, ముంగిసలు, ఎలుగులు, దుప్పులు, ఇంకా బోలెడన్ని చీమలు ఉండేవి. ఏటా వానలకు ముందు అక్కడ పరుగు పందెం జరిగేది. అబ్బో, ఆ సందడి చూడాలి! కొండ నెత్తిన ఒక గుహ ఉంది. ఎంత వాన కురిసినా అందులోకి చుక్క నీరు రాదు. పందెంలో గెలిచినవారికి ఆ ఏడాదంతా ఆ గుహ.

ఆ గుహ ఎవరికి బాగా అవసరమో తెలుసా? చెంగమ్మ అనే ముంగిసకు. పోయిన వానాకాలం ఆమె బొరియ నిండా నీళ్లొచ్చాయి. ఇద్దరు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని మూడు రోజులు తడి మొద్దు మీద కూర్చుంది. చిన్నదానికి పట్టుకున్న దగ్గు ఎండాకాలం దాకా వదల్లేదు. ఈసారి ఎలాగైనా గెలవాలని చెంగమ్మ పట్టుబట్టింది.

దొరసామి అనే కొండముచ్చు కూడా ఆ గుహ మీద కన్నేశాడు. వాడికి మూడు మామిడిచెట్లు, వాటి మీద పాకిన బీరపాదులు ఉన్నాయి. మరి గుహ ఎందుకంటారా? మామిడిపళ్లు దాచుకోవడానికి!

పందెం పొద్దున్నే మొదలవుతుంది. మధ్యాహ్నం బల్లబండ దగ్గర అందరూ ఆగాలి. ఎవరు తెచ్చుకున్న భోజనం వాళ్లు వరుసగా కూర్చుని తినాలి. ఒక ఏడు ఎవరో ఖాళీ కడుపుతో పరుగెత్తి కళ్లు తిరిగి పడిపోయారట. అందుకే పందెం నడిపే గంగులు తాత అనే ముసలి ఏనుగు ఈ నియమం పెట్టాడు. బల్లబండ దాటాకే అసలు కష్టం. అక్కణ్ణుంచి నిట్టనిలువుగా ఎక్కడమే.

పందెం ముందు రోజు సంత. వారమంతా చీమల కొట్టులో మూటలు మోసినందుకు చెంగమ్మకు సోలెడు జొన్నలు, గుప్పెడు ఉలవలు, కాస్త నువ్వులు, చింతపండు, మిరపకాయలు, ఉప్పు దొరికాయి. వచ్చే సంత దాకా ముగ్గురికీ అదే తిండి.

పక్కనే బండన్న అనే ఎలుగు మిఠాయి కొట్టు. జిలేబీలు నూనెలో గిర్రున తిరుగుతున్నాయి.

"అమ్మా, రేపు జిలేబీలు తిని పరుగెత్తవే! నువ్వే గెలుస్తావు!" అంది చిన్నది.

"పొట్లానికి ఏమివ్వాలి అన్నా?" అని అడిగింది చెంగమ్మ.

"ఆ సంచి మొత్తం ఇచ్చెయ్ అక్కా" అన్నాడు బండన్న.

నిజం చెప్పాలంటే చెంగమ్మకూ నోరూరింది. సంచి ముడి సగం విప్పింది కూడా. ఎల్లుండి పిల్లలకు ఏం పెట్టాలో గుర్తొచ్చి మళ్లీ గట్టిగా ముడేసింది.

దారిలో దొరసామి బీరకాయలు వలుస్తూ కనిపించాడు. చేతికి ఏది దొరికినా తొక్క తీసి విసిరేయడం వాడి అలవాటు. ఆ కాయలతో బండన్న చేత బజ్జీలు వేయించుకుంటాడట. చెట్టు కింద పచ్చపచ్చని తొక్కలు కుప్పగా పడ్డాయి.

చెంగమ్మ కళ్లు మెరిశాయి. "దొరసామన్నా, ఈ తొక్కలు తీసుకోనా?"

దొరసామి తోక ఊగేలా నవ్వాడు. "తొక్కలా! పట్టుకుపో. నాకు ఊడ్చే పని తప్పుతుంది."

తెల్లవారుజామునే చెంగమ్మ పొయ్యి వెలిగించింది. ఇక చూడండి ఆమె హుషారు! రాత్రి నానేసిన ఉలవలు ఉడికించి గుగ్గిళ్లు చేసింది. ఉడికిన నీళ్లు పారబోయలేదు. చింతపండు పులుసు పోసి మరిగిస్తే చిక్కటి చారైంది. బీరతొక్కు, మిరపకాయలు వేయించి, నువ్వులతో కలిపి రోట్లో పచ్చడి నూరింది. గాలికి రాలిన మునగాకు దూసి జొన్నపిండిలో కలిపి రొట్టెలు కాల్చింది. పిల్లలకు గుగ్గిళ్లు, చెరొక రొట్టె పెట్టి, మిగిలిన రొట్టెలు, పచ్చడి ఆకులో చుట్టుకుంది. చారు సొరకాయ బుర్రలో పోసుకుంది. సంచిలో ఇంకా సగానికి పైగా దినుసులు మిగిలాయి!

గంగులు తాత తొండమెత్తి ఘీంకరించాడు. పందెం మొదలైంది!

దొరసామి కొమ్మ మీంచి కొమ్మకు ఎగిరిపోయాడు. బల్లబండకు అందరికంటే ముందు చేరింది వాడే. చెంగమ్మ చాలాసేపటికి రొప్పుతూ వచ్చింది.

అందరూ వరుసగా కూర్చున్నారు. దొరసామి పొట్లం విప్పాడు. బజ్జీలు! జిలేబీలు! నూనె మోచేతుల దాకా కారింది.

"ఏం తెచ్చావే చెంగమ్మా? నా చెత్తబుట్టేనా?" అన్నాడు వాడు.

వరుసంతా గొల్లుమంది. చెంగమ్మ ముఖం ఎర్రబడింది. అయినా తలొంచుకుని రొట్టె తుంచి, పచ్చడి నంజుకుని, చారు తాగింది. కడుపు చల్లబడింది. లేచి నడుం బిగించింది.

మళ్లీ పరుగు! నిట్టనిలువు ఎక్కలేక మిగతావాళ్లంతా వెనకబడిపోయారు. దొరసామికి నాలుగు అడుగులకే దాహమేసింది. ఊట దగ్గర కడుపు పట్టినంత తాగాడు. ఇంకో నాలుగు అడుగులు వేశాడు. త్రేన్పు! మళ్లీ దాహం! కొమ్మ మీదకు ఎగరబోతే కడుపు బరువుకు కొమ్మ కాస్తా ఫెళ్లున విరిగింది. డొక్క పట్టుకుని కూలబడ్డాడు.

పక్కనుంచి ఏదో సర్రున పోయింది. చెంగమ్మ!

"పరుగెత్తు అమ్మా! పరుగెత్తు!" పిల్లలు కొండ కింద నుంచి గొంతు చించుకుని అరుస్తున్నారు. దుప్పులు కూడా మెడలు చాచి చూస్తున్నాయి. చెంగమ్మ కాళ్లు నొప్పి పుడుతున్నాయి, కానీ ఒంట్లో సత్తువ మాత్రం తగ్గలేదు. ఒక్కో రాయీ ఎక్కింది. చివరి రాయి మీంచి ఒక్క దూకు దూకి గుహలో పడింది. కొండంతా ఈలలే ఈలలు! చెంగమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది.

దొరసామి పొద్దు వాలాక పాక్కుంటూ వచ్చాడు. "నిజం చెప్పు. ఏ కొట్టులో కొన్నావు ఆ భోజనం?"

"నీ చెట్టు కిందినుంచే తెచ్చుకున్నాను కదన్నా. కాయ నువ్వు తిన్నావు, తొక్కు నేను తిన్నాను" అంది చెంగమ్మ.

మూడో రోజు ఉరుములతో వాన దంచికొట్టింది. దొరసామి మామిడిపళ్లన్నీ తడిసి కుళ్లిపోయాయి. గుహలో చెంగమ్మ పిల్లలు వెచ్చగా కూర్చుని వేడి రొట్టె తింటున్నారు. ఒక్కసారి కూడా దగ్గు వినిపించలేదు.

అంతలో గుహ ముందు ఎవరో తుమ్మారు. తడిసి ముద్దైన దొరసామి, చేతిలో బుట్ట పట్టుకుని నిలబడ్డాడు. బుట్ట నిండా బీరతొక్కలు.

"అక్కా, ఉప్పు ఎంత వేయాలి?" అన్నాడు చిన్న గొంతుతో.

"ముందు లోపలికి రా అన్నా, తడుస్తున్నావు" అంది చెంగమ్మ, ఇంకో రొట్టె పెనం మీద వేస్తూ.

నీతి: ఉన్న కొద్ది దినుసులనే పారేయకుండా శ్రద్ధగా వండుకున్న ఇంటి భోజనం ఒంటికి బలం, డాబు కోసం కొన్న తిండి దారి మధ్యలోనే చేతులెత్తేస్తుంది.